చూపు 6/6, కుట్టు మాత్రం రెండు: తల గాయం తర్వాత రెండువైపులా నాలుగో నరం దెబ్బతిన్న కేసు

రోగి వయసు 33. సొంతూరు హిందూపురం దగ్గర ఒక పల్లె. బెంగళూరులో హోసూరు రోడ్డు పక్కనున్న గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలర్, షర్టు కాలర్లు కుట్టే లైన్‌లో పని. ఒకరోజు డ్యూటీ అయ్యాక భర్త బైకు వెనక కూర్చుని ఇంటికి వస్తుంటే, సర్వీసు రోడ్డులో గుంత తప్పించబోయి బైకు జారింది. హెల్మెట్ భర్తకు మాత్రమే ఉంది. ఈమె వెల్లకిలా పడింది, తల వెనుక భాగం రోడ్డుకు కొట్టుకుంది. కొన్ని నిమిషాలు స్పృహ లేదు, లేచాక రెండుసార్లు వాంతి అయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. ఎముక విరగలేదు, లోపల రక్తం గడ్డకట్టలేదు. ఒక రాత్రి ఉంచుకుని పంపించారు.

నేను మెల్లకన్ను, కంటి నరాల సమస్యలు చూసే డాక్టర్‌ని. పైన చెప్పిన నాలుగో నరం మెదడు నుంచి కంటికి వచ్చి, కంటిని కిందికి దించే, తిప్పే నరం. ఆమె నా దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తగిలి ఏడు వారాలైంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. అరుదైన జబ్బని కాదు, తేలిగ్గా పట్టుకోగల జబ్బు అన్ని వారాలు ఎవరి చేతికీ చిక్కలేదని రాస్తున్నాను. అన్నిచోట్లా ఆమె చూపు 6/6, అంటే పూర్తిగా మామూలు, అనే తేలింది. అది అబద్ధం కాదు. ఆమె బాధ ఆ పరీక్షకు అందేది కాదు, అంతే.

ఏం జరిగింది

మొదటి వారమంతా మంచం మీదే ఉంది. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు చూస్తే చిరాకు. తలకు దెబ్బ తగిలాక ఇవి మామూలే, తగ్గిపోతాయన్నారు. నిజంగానే చాలావరకు తగ్గాయి. మూడు వారాలు దాటాక పనికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టకముందే ఇంటికి పంపేశారు. కాలర్ అంచు కుట్టు పక్కకు పోయింది. ఒక్క పీసు కాదు, బండిల్ మొత్తం ఆల్టరేషన్‌కు వచ్చింది. పదేళ్లకు పైగా మిషన్ మీద కూర్చున్న మనిషికి అది ఎంత అవమానమో ఆమె ముఖంలో అప్పటికీ కనిపిస్తోంది.

ఇంటి దగ్గర కళ్లద్దాల షాపులో చూపించుకుంది. ఒక కన్ను మూసి చదివించారు, తర్వాత రెండోది మూసి చదివించారు. రెండూ 6/6. కళ్లు అలసిపోయాయని చెప్పి ఒక జత అద్దాలు ఇచ్చారు, వాటితో ఏ మార్పూ లేదు. ఇంకో క్లినిక్‌లోనూ అదే మాట. సూపర్వైజర్ ఆమెకు పని చేయడం ఇష్టం లేదనుకుంది. అత్తగారు ఊరి నుంచి వచ్చి దిష్టి తీసి వెళ్లారు. ఆమెకేమో తలకు తగిలిన దెబ్బతో మతి పోతోందేమోనని టెన్షన్, ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు.

"ఏం పని చేస్తుంటే ఇబ్బందమ్మా?" అని అడిగాను.

"కిందికి చూస్తే సార్. మెట్లు దిగేటప్పుడు ఏది మెట్టో తెలీదు, రెండు అంచులు అగుపిస్తాయి. బస్సు దిగాలన్నా బయమే. మిషన్ కాడ కూచుంటే కుట్టు రెండుగా పోతాది."

"ఒక కన్ను మూస్తే?"

"ఒకటే ఐతాది సార్."

ఆలోచించకుండా చెప్పింది. అంటే ఇన్నాళ్లూ ఒక కన్ను మూసుకునే ఇంటిపని నెట్టుకొస్తోంది. ఆ ఒక్క జవాబుతో సగం దారి తెలిసిపోయింది. ఒక కన్ను మూసినా రెండుగా కనిపిస్తుంటే లోపం చాలావరకు ఆ కంట్లోనే ఉంటుంది: కార్నియా, కంటి లెన్సు, కళ్లద్దాల పవర్, కన్ను పొడిబారడం లాంటివి. ఏ కన్ను మూసినా ఒకటే కనిపిస్తే, కళ్లు విడివిడిగా బాగున్నట్టు, కలిసి ఒకచోటికి చూడలేకపోతున్నట్టు. తల గాయం తర్వాత ఈ రెండో రకం కనిపిస్తే కంటిని కదిపే నరాల వైపు చూడాలి.

కాగితం, పెన్ను ఇచ్చి మిషన్ మీద కుట్టు ఎలా కనిపిస్తుందో గీయమన్నాను. ముందు మిషన్ పాదం గీసింది. దాని దగ్గర రెండు గీతలు మొదలుపెట్టి, అవతలికి పోయేకొద్దీ దగ్గరకు తెచ్చి, చివర కలిపేసింది. "ఇక్కడ ఒకటే. నా దగ్గరికి వచ్చేకొద్దీ విడిపోతాయి" అంది. రెండు గీతలూ సమాంతరంగా లేవు, ఒకదాని వైపు ఒకటి ఒరిగి ఉన్నాయి. ఆ బొమ్మను కేస్ షీటులో అతికించి ఉంచాను. బొమ్మ పక్కపక్కన మాత్రమే విడిపోతే, కంటిని బయటివైపు తిప్పే ఆరో నరమా అని ఆలోచిస్తాం. ఒరిగి కూడా ఉంటే నాలుగో నరం.

పరీక్షలో కనిపించినవి

గదిలోకి నడిచి వచ్చేటప్పుడే గడ్డం గుండెకు ఆనించుకున్నట్టు దించుకుని, కళ్లు పైకెత్తి చూస్తోంది. కొత్తచోటు, సిగ్గుపడుతోంది అనిపించేలా ఉంది. అసలు సంగతి అది కాదు. గడ్డం దించితే కళ్లు పైచూపులో ఉంటాయి, పైచూపులో ఆమెకు బొమ్మ ఒకటే. శరీరం తనకు తానే కనిపెట్టిన ఉపాయం అది.

చూపు రెండు కళ్లకూ 6/6, దగ్గర చూపు ఎన్6, అంటే చిన్న అక్షరాలు చదవగలదు. రంగులు గుర్తించడం సరిగ్గా ఉంది. టార్చిని ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారుస్తూ చూస్తే రెండు కంటిపాపలూ సమానంగా కుంచించుకున్నాయి. తల గాయం అయిన ప్రతి ఒక్కరికీ ఈ టార్చి పరీక్ష తప్పనిసరిగా చేయాలి. కనుబొమ్మ బయటి అంచున తగిలిన చిన్న దెబ్బ కూడా చూపు నరాన్ని దెబ్బతీయగలదు, అప్పుడు కన్ను పైకి మామూలుగానే ఉంటుంది, కంటిపాప ఒక్కటే గుట్టు విప్పుతుంది. ఈమెకు ఆ నరం బాగుంది. పక్క చూపు కొలిచే ఫీల్డ్ టెస్టు కూడా మామూలుగానే వచ్చింది.

కళ్లు అన్నివైపులా కదిలించి చూస్తే లోపం పైకి పెద్దగా తెలియలేదు. ఒక కన్ను మార్చి ఒక కన్ను మూస్తూ కళ్ల కదలిక చూసే కవర్ టెస్టులో బయటపడింది. నేరుగా చూస్తే కళ్లు లోపలికి 4 ప్రిజం డయాప్టర్లు (మెల్లను కొలిచే కొలత). పైకి చూస్తే 2, కిందికి చూస్తే ఏకంగా 20. ఎడమవైపు చూస్తే కుడి కన్ను పైకి వెళ్తోంది, కుడివైపు చూస్తే ఎడమ కన్ను పైకి వెళ్తోంది. తల కుడి భుజం వైపు వంచితే మళ్లీ కుడి కన్ను, ఎడమ భుజం వైపు వంచితే ఎడమ కన్ను. ఒక్క నరం మాత్రమే పోతే పైకి వెళ్లే కన్ను ఎప్పుడూ ఒకటే. ఇలా తారుమారవడం రెండువైపులా దెబ్బతిన్నదనడానికి గుర్తు. తల వంచి చూసే ఈ పరీక్షకు బీల్‌షోస్కీ అనే కంటి డాక్టర్ పేరు ఉంది, ఇంకో కంటి డాక్టర్ మార్షల్ పార్క్స్ 1958లో దాన్ని మూడు మెట్ల పద్ధతిలో పొందుపరిచారు. ఇప్పటికీ దీనికి స్కాన్ అక్కర్లేదు, ప్రిజం బార్ (ప్రిజం గాజులు వరసగా అమర్చిన పట్టీ), ఓపిక ఉంటే చాలు.

తర్వాత డబుల్ మ్యాడాక్స్ రాడ్. ట్రయల్ ఫ్రేములో ఒక కంటికి ఎర్ర గాజు, ఇంకో కంటికి తెల్ల గాజు పెట్టి ఒక చిన్న లైటు చూపిస్తే ఒక్కో కంటికి ఒక్కో అడ్డగీత కనిపిస్తుంది. "రెండూ ముక్కువైపుకు వాలి ఉండాయి సార్" అంది. గాజులు తిప్పుతూ పోయి, రెండూ సమానంగా ఉన్నాయని ఆమె అన్నచోట ఆపి డిగ్రీలు చదివాను. కంటి పైభాగాలు, రెండు కళ్లవీ కలిపి, 16 డిగ్రీలు బయటివైపు ఒరిగి ఉన్నాయి. పది దాటితే రెండువైపులా అనుమానించాలని మేం నేర్చుకున్న లెక్క. కంటి వెనుక పొర, రెటీనా ఫొటోలోనూ అదే కనిపించింది: సూటి చూపు చూసే మాక్యులా మధ్య బిందువు ఉండాల్సిన ఎత్తుకంటే రెండు కళ్లలోనూ కిందికి ఉంది. ఈ ఫొటో నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే రోగి మాట మీద ఆధారపడని రుజువు ఇది. సూపర్వైజర్ మాటలకు సమాధానంగా ఆ ఫొటో ప్రింటు ఒకటి ఆమె చేతికిచ్చాను.

దగ్గర చూపుకు ఫోకస్ చేసే శక్తి కూడా వయసుకు తగినంత లేదు, 5 డయాప్టర్లే వచ్చింది. తల అదిరిన తర్వాత ఇది తరచూ కనిపిస్తుంది, చాలామందిలో కాలంతో పాటు కుదురుకుంటుంది. ఈమెకూ నాలుగు నెలలకల్లా కుదురుకుంది.

పుట్టుకతో ఉన్న నాలుగో నరం బలహీనత దెబ్బతో బయటపడిందేమో అన్న సందేహం తీర్చుకోవాలి. భర్త ఫోనులో పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాం. తలంబ్రాలు పోస్తున్నప్పుడు, సప్తపదిలో, ఊరేగింపులో, ఎక్కడా తల ఒరిగి లేదు, గడ్డం దించుకుని లేదు. ముఖం రెండువైపులా సమానంగా ఉంది. కొత్తగా వచ్చిందే.

ఎంఆర్ఐ తీయించాం. మధ్య మెదడు వెనుక భాగంలో చిన్న రక్తపు మచ్చ కనిపించింది. సీటీలో అంత చిన్నది దొరక్కపోవడం ఆశ్చర్యం కాదు. అసలు ఇలాంటి కేసుల్లో ఎంఆర్ఐ కూడా మామూలుగా వచ్చే అవకాశం ఉంది, అప్పుడు కూడా జబ్బు ఉన్నట్టే. కనుగుంట ఎముకలు బాగున్నాయి కాబట్టి కండరం ఇరుక్కోలేదు. సాయంత్రానికి రెప్ప వాలడం లేదు, లోపం గంటగంటకూ మారడం లేదు, కాబట్టి కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా జబ్బు కాదు. కన్ను ఎర్రబడి ఉబికి, తలలో హోరుమనే శబ్దం వినిపిస్తుంటే రక్తనాళాల సమస్య, అలాంటి రోగిని ఆ పూటే పెద్ద ఆసుపత్రికి పంపించాలి. ఈమెకు అదేదీ లేదు.

రెండూ ఒకేసారి ఎందుకు పోయాయి

మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో నాలుగోది చాలా సన్నం. మెదడు కాండం నుంచి వచ్చే మిగతా నరాలు దాని ముందు నుంచో పక్క నుంచో బయటికొస్తే, ఇదొక్కటే వెనుక నుంచి వస్తుంది. అక్కడే కుడి ఎడమ నరాలు ఒకదాన్నొకటి దాటి అటుదిటు, ఇటుదటు వెళ్తాయి. అక్కణ్నుంచి చుట్టు తిరిగి ముందుకొచ్చి కంటిని చేరాలి, పుర్రె లోపల ఇంత పొడుగు దారి ఇంకే కపాల నరానికీ లేదు. దారి పక్కనే టెంటోరియం అనే గట్టి పొర అంచు ఉంటుంది. తల నేలకు కొట్టుకుని మెదడు ఒక్కసారి ఊగినప్పుడు మధ్య మెదడు వెనుక భాగం ఆ అంచుకు తగలవచ్చు. రెండు నరాలూ దాటుకునే చోటు ఒకటే కాబట్టి రెండూ ఒకేసారి పోతాయి. రెండువైపులా నాలుగో నరం దెబ్బతిన్నదంటే మొదట అడగాల్సిన కారణం తల గాయమే.

ఈ నరం కదిపే కండరం ఒకటే, సుపీరియర్ ఆబ్లిక్. కన్ను ముక్కువైపు తిరిగి ఉన్నప్పుడు దాన్ని కిందికి దించడం, కంటి పైభాగాన్ని లోపలికి తిప్పి నిలపడం దాని పని. చదవడానికి, కుట్టడానికి, బియ్యం ఏరడానికి, మెట్లు దిగడానికి కళ్లు వెళ్లేది సరిగ్గా ఆ మూలకే. నేరుగా ఎదురుగా ఉన్న అక్షరాల బోర్డు చదవడానికి దానితో పనే లేదు. పైగా బోర్డు చదివేది ఒక్కో కంటితో. కుట్టుపని మాత్రం రెండు కళ్లతో, కిందికి చూస్తూ. 6/6 ఈ కేసును ఎందుకు పట్టుకోలేదో దీంతో అర్థమవుతుంది.

భర్తకు ఇదంతా చెప్పడానికి కాడికి కట్టిన జోడెద్దుల మాట వాడాను. ఏ ఎద్దుకు ఆ ఎద్దు బలంగానే ఉంది, కాడి పక్కకు జరిగింది, అందుకే బండి సాలు తప్పుతోంది. ఆయనకు వెంటనే అర్థమైంది. "మరి కాడి ఎప్పుడు సర్దుకుంటాది సార్?" అన్నాడు.

తల గాయం రోగులను మొదట చూసే క్యాజువాలిటీ డాక్టర్లకు, ఫ్యాక్టరీ డాక్టర్లకు, ఆప్టోమెట్రిస్టులకు నా విన్నపం ఇదే. మెట్లు దిగడం ఎలా ఉందని అడగండి. చదువుతుంటే లైన్లు కలుస్తున్నాయా అని అడగండి. రెండుగా కనిపిస్తే ఒక కన్ను మూయించి చూడండి. ఒక పెన్నును నిలువుగా కాదు, అడ్డంగా పట్టుకుని ఛాతీ ఎత్తుకు దించి చూపించండి. ఒరిగిన రెండు పెన్నులు కనిపిస్తున్నాయంటే ఆ రోగిని మెల్లకన్ను చూసే డాక్టర్ దగ్గరికి పంపించండి. దీనికి పరికరం అక్కర్లేదు.

వేచి ఉన్న నెలలు

నరానికి బలం ఇంజెక్షన్ వేయమని భర్త గట్టిగా అడిగాడు. ఎవరో స్టెరాయిడ్ పేరు కూడా చెప్పారట. తల గాయం తర్వాత ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద 10,008 మందితో జరిగిన క్రాష్ ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి: స్టెరాయిడ్ ఇచ్చినవారిలో మరణాలు ఎక్కువయ్యాయి. తల గాయమైన వెంటనే ఆ ఇంజెక్షన్ ఇవ్వడం అప్పటి నుంచీ మానేశారు. ఈ నరానికైతే అది మేలు చేస్తుందన్న ఆధారమే లేదు. విటమిన్ మాత్రల మీద డబ్బు పోయొద్దని కూడా చెప్పాను.

దెబ్బతిన్న నరం చాలామందిలో కొన్ని నెలల్లో కొంతైనా తిరిగి పనిచేస్తుంది. కాబట్టి కనీసం ఆరు నెలలు, కొలతలు నిలకడపడే దాకా, ఆపరేషన్ ఆలోచన పెట్టుకోం. అంతవరకు బతుకు సాగాలి కదా, అసలు కష్టం అక్కడే.

ప్రిజం అద్దం పెట్టి చూశాం. రెండు గీతలు దగ్గరికి వచ్చాయి, ఒరుగు మాత్రం అలాగే ఉంది. ప్రిజం బొమ్మను జరుపుతుంది, తిప్పలేదు. ఒక కంటికి పూర్తిగా గంతలు కడితే రెండుగా కనిపించడం పోతుంది, కానీ రోడ్డు దాటేటప్పుడు పక్క చూపు తగ్గుతుంది, దూరం అంచనా తప్పుతుంది. హోసూరు రోడ్డు మీద అది మంచిది కాదు. అందుకని పవర్ లేని అద్దాలు తెప్పించి, ఎడమ అద్దం కింది సగానికి మాత్రం మసక టేపు అతికించాం. నేరుగా చూస్తే రెండు కళ్లూ, కిందికి చూస్తే ఒక కన్ను. టేపు అంచు ఎంత ఎత్తులో ఉండాలో మెట్ల దగ్గరే నిలబెట్టి, ఆమె పైకీ కిందికీ నడుస్తుంటే సరిచేశాం. మొదట పెట్టినచోటికంటే అర వేలు పైకి జరపాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె ఆసుపత్రి మెట్లు రైలింగ్ పట్టుకోకుండా దిగింది, భర్త కింద నిలబడి చూస్తున్నాడు.

ఫ్యాక్టరీకి లెటర్ రాశాను. కుట్టు మిషన్ వద్దు, సూదికి వేలు తగిలే ప్రమాదం ఉంది. హ్యాంగర్‌కు వేలాడదీసిన షర్టులను కంటి ఎత్తులో చెక్ చేసే పని ఇవ్వొచ్చని రాశాను. ఒప్పుకున్నారు.

కార్మికుల బీమా పథకం ఈఎస్ఐ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే చాలా కుటుంబాలకు ఇది తెలియదు. ఆమెను మామూలు అనారోగ్య సెలవులో పెట్టారు. అందులో జీతంలో 70 శాతం, ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 91 రోజులు ఇస్తారు. కానీ డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తున్న దారిలో జరిగిన ప్రమాదాన్ని, సమయం, దారి సరిపోతే, పనిలో జరిగిన గాయంగానే లెక్కిస్తారు. అప్పుడు 90 శాతం వస్తుంది, తాత్కాలికంగా పని చేయలేనంత కాలమూ ఇస్తారు. యాజమాన్యం యాక్సిడెంట్ రిపోర్టు పంపాలి. పంచ్ అవుట్ అయిన సమయం, ఆసుపత్రిలో చేర్చుకున్న సమయం ఉన్న కాగితాలు జతచేయించాం. కొంత ఆలస్యమైనా మంజూరైంది. వైద్యం మాటల్లో డబ్బు మాట ఎందుకని కొందరు అనుకోవచ్చు. అద్దె కట్టలేక ఊరికి వెళ్లిపోయిన రోగి తర్వాతి చెకప్‌కు రాలేడు.

ఆపరేషన్, ఆ తర్వాత

ఆరు నెలలకు ఒరుగు 16 నుంచి 12 డిగ్రీలకు తగ్గింది. ఎనిమిదో నెలలో 12, తొమ్మిదో నెలలో మళ్లీ 12. కిందిచూపులో 20 ఉన్నది 16 దగ్గర ఆగింది. ఇక సొంతంగా తగ్గేది లేదని తేలాక ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మళ్లీ మిషన్ మీద కూచోగలనా?" కూర్చునే అవకాశం ఎక్కువ, అన్ని దిక్కుల్లోనూ పాత చూపు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను అన్నాను.

రెండు కళ్లకూ హరాడా ఇటో ఆపరేషన్ చేశాం. జపాన్ డాక్టర్లు హరాడా, ఇటో 1964లో వివరించిన పద్ధతి ఇది. సుపీరియర్ ఆబ్లిక్ కండరానికి ముందువైపు పోగులు కన్ను తిరగడాన్ని చూసుకుంటాయి, వెనుక పోగులు కిందికి దించడాన్ని. ముందు పోగులను మాత్రమే విడదీసి, కంటి బయటి కండరం పై అంచు వైపు లాగి బిగిస్తాం. దాంతో కంటి పైభాగం లోపలికి తిరుగుతుంది, మిగతా పని పెద్దగా చెడదు. కిందిచూపులో కళ్లు లోపలికి పోవడం తగ్గడానికి రెండు కళ్ల లోపలి కండరాలనూ సగం వెడల్పు మేర కిందికి జరిపాం. ఫలితం కొన్ని వారాల్లో కొంత వెనక్కి జారుతుంది కాబట్టి కాస్త ఎక్కువే బిగించాం.

మర్నాడు ఆమె గాభరా పడింది. గీతలు ఈసారి అటువైపు ఒరిగాయి. ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉండటంతో ఏడవలేదు, "మీరు చెప్పినట్టే ఐంది సార్" అంది. ఆరు వారాలకు ఒరుగు బయటివైపు 2 డిగ్రీలు. అంతవరకు మెదడు సర్దుకుంటుంది. కిందిచూపులో లోపలి మెల్ల 6కు తగ్గింది, గడ్డం దించుకోవడం పోయింది.

మూడు నెలల తర్వాత మిషన్ మీద కూర్చుంది. మొదట కాలర్ కాకుండా సైడ్ సీమ్ ఇచ్చారు, టార్గెట్ సగం. ఇప్పుడు కాలర్ లైన్‌కే వచ్చేసింది. కళ్లను బాగా కిందికి దించి చూస్తే, అంటే ఒళ్లో పెట్టుకున్న బట్టను తల వంచకుండా చూస్తే, ఇంకా రెండు కనిపిస్తాయి. అది అలాగే ఉండిపోవచ్చని చెప్పాను. దానికి ఆమె కుర్చీ ఎత్తు తగ్గించుకుంది, మిషన్ మీది బట్ట కళ్లకు దగ్గరైంది. బస్సు దిగేటప్పుడు తల వంచి మెట్టు చూసుకుని దిగుతోంది. టేపు అంటించిన అద్దాలు మానేసింది. వచ్చే చెకప్ ఏడాదికి, ఈలోగా గీతలు మళ్లీ విడిపోతే ఆగకుండా రమ్మన్నాను.